జూన్ నుంచి నవంబర్ దాకా ఇల్లు తాళం: హనుమకొండల ఏమేం చేసి పోవాలె, పెట్టెలు ఎట్ల సర్దాలె?

నయీంనగర్_నాలా అడిగింది:

అమ్మ, బాపు జూన్ రెండో వారంల అక్క దగ్గరికి డాలస్ పోతున్నరు. నవంబర్ 24కు తిరుగు టికెట్. వానకాలం మొత్తం ఇల్లు మూసే ఉంటది. నేను పుణెల ఉంట, మధ్యల వచ్చుడు కుదరది. పక్కింటి అన్న 15 రోజులకోసారి తాళం తీసి చూస్తనన్నడు.

ఇల్లు గ్రౌండ్ ఫ్లోర్, సొంతది, నాలాకు దగ్గర్నే. నల్లా ఉంది, బోరు ఉంది. కింద 5,000 లీటర్ల సంపు, పైన 1,000 లీటర్ల ట్యాంకు. ఇన్వర్టర్‌కు 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ. నాలుగు కెమెరాలు, వైఫై, ఒక స్కూటీ. టికెట్‌ల మనిషికి రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. మామిడి తొక్కు, సకినాలు, చపాట కారం తప్పవట. బాపుకు షుగర్, ఇన్సులిన్ తీసుకుంటడు. రైల్వే పింఛను వస్తది.

తాళం ఏసే ముందు ఏం చెయ్యాలె? పెట్టెల ఏం పోతది, ఏం పోదు?

పానా_పెట్టె:

తమ్మీ, అందరు దొంగల గురించే భయపడుతరు గని, మూసిన ఇంటిని ఎక్కువ పాడు చేసేది నీళ్లే. ఉన్న కాడ లేక, లేని కాడ ఉండి. అందుకే నీళ్ల కాడికెళ్లే చెప్త.

ముందు బాత్రూం జాలీలు. జాలీ కింద ట్రాపుల రెండు అంగుళాల నీళ్లు నిలబడి ఉంటయి. మోరీ వాసన, బొద్దింకలు పైకి రాకుంట ఆపేది గా నీళ్లే. వాడకం లేకపోతే నెల తిరిగేసరికి ఎండిపోతయి. తర్వాత తలుపు తీస్తే ఇల్లంత మోరీ కంపు. పోయే రోజు ప్రతి జాలీల ఒక చెంబు నీళ్లు పోసి, పైనకెళ్లి రెండు మూడు చెంచల వంట నూనె పోయుండ్రి. నూనె తేలి ఉంటది, నీళ్లు తొందరగ ఆవిరి కావు. మీద పాలిథిన్ కవరు పరిచి ఒక టైల్ ముక్క బరువు పెట్టుండ్రి. కమోడ్‌ల గూడ అంతే, మూత ఏసి మీద ఇటుక పెడితే ఎలుక లేపలేదు. కిచెన్ సింకు మరువద్దు. పక్కింటి అన్న వచ్చినప్పుడల్లా అన్నిట్ల తలా ఒక చెంబు పోస్తే చాలు.

రెండోది నల్లా. సంపుల ఉండే బాల్ వాల్వు (సంపు నిండంగనే నీళ్లు ఆపే బంతి) ఎప్పుడో ఒకప్పుడు పట్టుకుంటది. మనిషి ఉంటే సప్పుడు ఇని బంద్ చేస్తడు, లేకపోతే సంపు నిండి నీళ్లు పునాది పొంటి పారుతయి. బాల్ వాల్వును నమ్మకుండ్రి, బయట గేట్ వాల్వే కట్టెయ్యుండ్రి. సంపును మాత్రం పూర్తిగ ఖాళీ చెయ్యొద్దు. వానకాలం భూమిల నీళ్లు పైకొచ్చినప్పుడు ఖాళీ సంపును కిందికెళ్లి తంతయి, నెర్రెలు పడుతది. సగం ఉంచుండ్రి. మూత అంచుల సందులకు గుడ్డ కుక్కి, గాలి గొట్టానికి దోమజాలి కట్టుండ్రి. గుడ్డు దోమ అయితందుకు 8-10 రోజులు చాలు, 15 రోజులకోసారి చూసుడుతోని ఆగదు. కూలర్ టబ్బు గూడ ఒంపి, ఆరబెట్టి, బోర్ల పెట్టుండ్రి. పైన ట్యాంకు ఖాళీ చేసి, దాని కింది వాల్వు కట్టెయ్యుండ్రి. అప్పుడు ఇంట్ల ఏ కుళాయి కారినా పారేది పైపుల మిగిలిన నీళ్లే.

స్లాబు మీద వాననీళ్లు దిగే పైపు మూతులు చూసుండ్రి. యాపాకు పడి ఒక్క మూతి మూసుకపోతే చాలు. వెయ్యి చదరపు అడుగుల స్లాబు మీద 4 అంగుళాల నీళ్లు నిలిస్తే 9 టన్నుల పైన బరువు. మూతికి చదును జాలీ ఉంటే తీసేసి గోపురం లెక్క ఉండేది పెట్టుండ్రి, ఆకు అడ్డం పడ్డా పక్కలకెళ్లి నీళ్లు పోతయి. పక్కింటాయన పోయినప్పుడల్లా మెట్లెక్కి చూడాలె, గేటు కాడికెళ్లే చూసి పోతే లాభం లేదు.

బోరు మోటరు ఆర్నెల్లు తిరగకపోతే పట్టుకుంటది. 15 రోజులకోసారి 10 నిమిషాలు నడిపి నీళ్లు చెట్లకు ఇడువుండ్రి. స్టార్టర్‌ను ఆటోల మాత్రం ఉంచకుండ్రి. కరెంటు వచ్చినప్పుడల్లా అదే లేసి నడుస్తది, ఆపే దిక్కుండదు.

ఇంగ మీది నాలా పక్కన ఇల్లు. 2020 ఆగస్టుల, 2023 జులైల హంటర్ రోడ్డు, నయీంనగర్ ఎట్ల మునిగినయో చెప్పే పని లేదు. బ్యాటరీ, వైఫై డబ్బా, కెమెరాల రికార్డరు, కిందనున్న స్పైక్ బోర్డులు అన్నీ కనీసం 3 అడుగుల ఎత్తుకు ఎక్కియ్యుండ్రి. కాయితాలు పై అరల పెట్టుండ్రి.

కొత్తవాడ_జంపఖానా:

వంటింటి సంగతి నేను చెప్తాను.

ఫ్రిజ్ బయలుదేరే ముందు రోజు పొద్దున్నే ఖాళీ చేసి ప్లగ్ తీసేయాలి. మంచు కరిగాక లోపల పొడి గుడ్డతో తుడవాలి. వెనక కంప్రెసర్ మీద చిన్న ట్రే ఉంటుంది, అందులో నీళ్లు చాలామంది మరిచిపోతారు. తలుపు మూసి పోతే రబ్బరు మీద నల్ల బూజు పడుతుంది, ఆ వాసన ఎంత కడిగినా తొందరగా పోదు. పాత తువ్వాల చుట్టి తలుపు సందున పెట్టి, అది ఊగకుండా తాడుతో కట్టండి. వాషింగ్ మెషీన్ మూత కూడా తీసే ఉంచాలి, దాని నల్లా కట్టి పైపు ఊడదీయాలి. నీళ్ల ఫిల్టర్ ట్యాంకు ఒంపేసి స్విచ్ తీసేయండి. తిరిగొచ్చాక ఫిల్టర్లు మార్చకుండా ఆ నీళ్లు తాగొద్దు.

గ్యాస్‌కి స్టవ్ దగ్గర నాబ్ తిప్పడం చాలదు. రెగ్యులేటర్ తీసేసి, సిలిండర్ మూతికి తాడు కట్టి ఉండే ప్లాస్టిక్ క్యాప్ నొక్కి పెట్టాలి. ఎలుక కొరికేది రబ్బరు పైపునే. రెగ్యులేటర్ తీసేస్తే పైపు కొరికినా గ్యాస్ రాదు.

బియ్యం, పప్పు, రవ్వ, చింతపండు ఏదీ ఉంచకండి. డబ్బా ఎంత గట్టిదైనా పురుగు గుడ్లు గింజతోనే లోపలికి వస్తాయి. పక్కింటివాళ్లకు ఇచ్చేస్తే వాళ్లకూ 15 రోజులకోసారి తాళం తీయడానికి మనసొస్తుంది.

బీరువాలో పట్టుచీరలకు కలరా ఉండలు తగలకూడదు, జరీ నల్లబడుతుంది. చీరను తెల్ల నూలు గుడ్డలో చుట్టి, ఉండలను వేరే మూటగట్టి పై అరలో పెట్టాలి. చెక్క సామాను గోడకు 4-6 అంగుళాలు ఎడంగా జరపండి. చెదలు గోడ వెంట మట్టి గీత గీసుకుంటూ వస్తాయి. సామాను గోడకు ఆనుకుని ఉంటే ఆ గీత కనబడదు. దర్వాజ అడుగు, దేవుని అర్ర, పుస్తకాల గూడు, ఈ మూడు చోట్ల పక్కింటాయన టార్చి వేసి చూస్తే చాలు.

ఇంట్లో ఎవరూ లేరని తాళం కంటే ముందు వాకిలి చెబుతుంది. నాలుగు రోజులు ముగ్గు లేకపోతే వీధంతా తెలుస్తుంది. వాకిలి ఊడ్చే ఆమెకు ఆర్నెల్లూ జీతం ఇస్తూ, రోజూ కాకున్నా రెండు రోజులకోసారి చల్లి ముగ్గేయమనండి. పాలు, పేపరు ఆపించండి. గేటులో ఇరికించిన కరపత్రాలు తీసేయమని చెప్పండి. పెద్ద తాళం కప్ప బయటికి వేలాడకుండా తలుపులోనే ఉండే తాళం వేయండి. బంగారం బ్యాంకు లాకర్లోకి. మీ పరిధి పోలీస్ స్టేషన్‌లో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఇల్లు తాళమో చెప్పి, మీ నంబరు, పక్కింటాయన నంబరు రాసిచ్చి రండి. ఎయిర్‌పోర్టు ఫొటోలు స్టేటస్‌లో పెట్టే సరదా మాత్రం తిరిగొచ్చాక తీర్చుకోమనండి.

తులసి కుండీని పక్కింటికి పంపండి. 15 రోజుల నీళ్లతో అది బతకదు.

పెట్టె_23కిలోలు:

సామాను లెక్క ఇలా వేసుకోండి. నాలుగు పెట్టెలకు 92 కిలోలు అనుకుంటాం కానీ, గట్టి ప్లాస్టిక్ పెద్ద సూట్‌కేసు ఖాళీదే నాలుగున్నర కిలోలు తూగుతుంది. నాలుగింటికి 18 పోయె. ఇంటి కాంటాకు, ఎయిర్‌పోర్టు కాంటాకు తేడా వస్తుంది కాబట్టి ఒక్కోటి 22.5 దగ్గర ఆపాలి. అంటే అసలు సామాను 72 కిలోలే. చేత్తో వేలాడదీసే డిజిటల్ కాంటా ఒకటి కొని పెట్టెలో పడేయండి, తిరుగు ప్రయాణంలోనూ పనికొస్తుంది. పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 158 సెం.మీ. దాటకూడదు. చేతి సంచి చాలా విమానాల్లో 7 కిలోలే, టికెట్ మీద చూసుకోండి. అమ్మ సామాను రెండు పెట్టెల్లో, బాపు సామాను రెండు పెట్టెల్లో అని విడదీయొద్దు. ఇద్దరివీ నాలుగింట్లో కలపండి. ఒక పెట్టె ఆలస్యమైతే ఒకరికి కట్టుబట్టలే మిగిలే పరిస్థితి రాదు.

ఇక తొక్కు. కారేది తొక్కు వల్ల కాదు, గాలి వల్ల. విమానంలో గాలి ఒత్తిడి సుమారు 8,000 అడుగుల ఎత్తున కొండ మీద ఉన్నంతే ఉంటుంది, సామాను అరలో కూడా అంతే. కవరులో చిక్కిన గాలి దాదాపు మూడో వంతు ఉబ్బుతుంది, ఎక్కడ అతుకు బలహీనమో అక్కడ నూనె బయటికొస్తుంది. ఇంకోటి, కొత్తగా కలిపిన తొక్కు తానే గాలి పుట్టిస్తుంది. అందుకే కలిపిన వారానికే ప్యాక్ చేయకండి. మూడో రోజు తిరగ కలిపి, నూనె పోసి, జాడీలో ఇంకో 10-15 రోజులు ఊరనివ్వండి. జూన్ రెండో వారం ప్రయాణమంటే మే మూడో వారంలోనే పెట్టేయాలి.

ప్యాకింగ్‌కు మందం కవరు తీసుకుని, దాని మూతిని బయటికి నాలుగు వేళ్ల వెడల్పు మడవండి. వెడల్పు గరాటుతో అర కిలో మించకుండా నింపండి. మడత విప్పితే లోపలి అంచు నూనె అంటకుండా శుభ్రంగా ఉంటుంది. అతుకు పడేది అక్కడే. నూనె చుక్క ఉన్నా ప్లాస్టిక్ కరిగినట్టు కనబడుతుంది గానీ అతకదు. గాలి పిండేసి ఒక సీలు, ఒక సెంటీమీటరు ఎడంగా రెండో సీలు వేయండి. తర్వాత దాన్ని పాత పేపరు మీద తలకిందులుగా పెట్టి, మీద రెండు పుస్తకాలు బరువు వేసి రాత్రంతా ఉంచండి. పొద్దున పేపరు మీద నూనె మరక లేకపోతే రెండో కవరు, దాని మీద జిప్ కవరు, ఆపైన ప్లాస్టిక్ డబ్బా. మరక ఉంటే కవరు మార్చి మళ్లీ మొదటి నుంచి. ఈ రాత్రి పరీక్ష ఎగ్గొడితే డాలస్‌లో దిగేది ఎర్ర చీరలే.

సకినాలు వేయించాక గుడ్డ మీద నాలుగైదు గంటలు ఆరాలి. వేడి ఉండగా మూస్తే ఆవిరి పట్టి మెత్తబడతాయి. సకినం వెడల్పుకు సరిపోయే గుండ్రటి ప్లాస్టిక్ డబ్బాలో ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన ఖాళీ లేకుండా కాగితం ఉండ చేసి కుక్కండి. విరిగేది బరువుకు కాదు, లోపల ఆడటానికి చోటుంటే. స్టీలు డబ్బా బరువు దండగ. కొత్తవాడ జంపఖానా బహుమతిగా ఇవ్వాలనుకుంటే దాన్నే పెట్టె అడుగున పరిచి డబ్బాలు మీద పెట్టండి, మెత్తగా ఉంటుంది.

కారం, పసుపు, పొడులు చేతి సంచిలో వద్దు. అమెరికా విమానాల్లో 350 మి.లీ. దాటిన పొడిని సెక్యూరిటీ దగ్గర విప్పిస్తారు, తేల్చుకోలేకపోతే తీసేస్తారు. కుడుకలు అసలు పెట్టొద్దు. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, తనంతట తాను వేడెక్కే సరుకుల జాబితాలో ఉంది. కర్పూరం, అగ్గిపెట్టె కూడా పెట్టొద్దు. పూజ సామాను మూట కట్టేటప్పుడు అమ్మకు ముందే చెప్పండి. గల్ఫ్ మీదుగా పోతుంటే గసగసాలు ఏ మసాలాలోనూ కలపొద్దు. జగిత్యాల, నిజామాబాద్ వైపు దుబాయ్ పోయేవాళ్లుంటే ఈ సంగతి బాగా తెలుసు, అక్కడ అది మత్తు పదార్థం కిందికి వస్తుంది.

పవర్ బ్యాంకు చేతి సంచిలోనే, 100 వాట్-అవర్ లోపు. 20,000 ఎంఏహెచ్‌ది 74 అవుతుంది, సరిపోతుంది. పెట్టెలకు టీఎస్ఏ (అమెరికా విమాన భద్రతా సంస్థ) గుర్తున్న తాళం వేయండి. వేరే తాళమైతే అమెరికా తనిఖీవాళ్లు కోసి తెరిచే అధికారం వాళ్లకుంది.

నయీంనగర్_నాలా:

అందరికి దండాలు. మూడు సందేహాలు. ఇన్వర్టర్ దుకాణపాయన ‘ఆన్‌లనే ఉంచు, ఏం గాదు’ అన్నడు. మెయిన్ బంద్ చేద్దామని బాపు అంటుండు. ఏది కరెక్టు? అమ్మ కల్యామాకు, 5 కిలోల బియ్యం, చికెన్ తొక్కు అంటుంది. పోనిస్తరా? ఇన్సులిన్ పెట్టెల పెట్టొచ్చా?

పానా_పెట్టె:

ఇద్దరి మాట కరెక్టే, రెండు కలిపితేనే తప్పు. మెయిన్ బంద్ చేసి ఇన్వర్టర్ ఆన్‌ల ఇడిస్తే, ఏ లోడూ లేకున్నా అది తానే తింటది. 15 వాట్ల లెక్కన తిన్నా 150 ఏహెచ్ బ్యాటరీ ఐదు రోజుల్ల అడుగంటుతది. గట్ల ఖాళీగ నెలల తరబడి ఉంటే ప్లేట్ల మీద తెల్ల పొర గట్టి మళ్ల చార్జి ఎక్కది.

మీకు కెమెరాలున్నయి కాబట్టి మెయిన్ ఉంచుండ్రి. డిస్ట్రిబ్యూషన్ బోర్డుల కెమెరాలు, ఇన్వర్టర్ ఉన్న ఎంసీబీలు (బోర్డుల ఉండే చిన్న స్విచ్చులు) తప్ప తక్కినవన్ని దించుండ్రి. బయటి లైట్ల ఎంసీబీ గూడ దించాలె, వానకు తడి పట్టి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే బంద్ చేసే స్విచ్చు) ఎగిరితే దాంతోటి కెమెరాలు బంద్ అయితయి. ఎగిరితే ఎట్ల పైకి లేపాల్నో పక్కింటాయనకు చేసి చూపియ్యుండ్రి, ఫోన్‌ల చెప్తే తెలువది. బ్యాటరీల డిస్టిల్డ్ వాటర్ ఆకుపచ్చ గుర్తు దాకా పోసి పోండ్రి. రెండు నెలలకోసారి చూసి పోసేటందుకు ఒక క్యాన్ పక్కన పెట్టుండ్రి.

కెమెరాలు లేని ఇల్లయితే వేరే. పూర్తిగ చార్జి చేసి, ఇన్వర్టర్ బంద్ చేసి, ముందు నెగెటివ్ వైరు ఊడదీసి, మెయిన్ దించాలె. రెండు నెలలకోసారి వైరు తగిలిచ్చి ఒక రోజు చార్జి పెట్టాలె. స్కూటీకి గూడ గంతే, నెగెటివ్ ఇప్పి సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టుండ్రి. ఇన్సూరెన్స్ తేదీ చూసుండ్రి.

పెట్టె_23కిలోలు:

మూడూ పోవు. పచ్చి కల్యామాకు నిషేధం, నిమ్మజాతి చెట్లకు తెగులు తెచ్చే పురుగు దాని మీద వస్తుందని. బియ్యం, శనగలు ప్రయాణికుల సామానులో మన దేశం నుంచి తీసుకుపోవద్దు, నిల్వ గింజలను తినే ఖప్రా పురుగు భయంతో 2021 నుంచి ఆపేశారు. చికెన్, మటన్ తొక్కు ఏ రూపంలోనూ వద్దు. మిగతా తినుబండారాలన్నీ డాలస్‌లో దిగాక అడిగితే ‘ఉన్నాయి’ అనే చెప్పాలి. చెప్పినదాంట్లో ఏదైనా కుదరకపోతే తీసి పక్కన పడేస్తారు, అంతే. దాచి దొరికితే జరిమానా. అమ్మకు ఇంగ్లిష్ ఇబ్బందైతే ఏ పెట్టెలో ఏమున్నదో ఇంగ్లిష్‌లో ఒక కాగితం మీద రాసి చేతికివ్వండి.

ఇన్సులిన్ ఎప్పుడూ చేతి సంచిలోనే. కింది అరలో గడ్డకట్టే ప్రమాదముంది, ఒకసారి గడ్డకడితే పనికిరాదు. తెరవని పెన్నులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య, చల్లని సంచిలో. ఐస్ ప్యాకు నేరుగా తగలనీయకండి. సూదులకు డాక్టర్ ఉత్తరం కావాలి. మందులు స్ట్రిప్పులతోనే, చీటీ మీద కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు ఉండేలా రాయించండి. మామూలుగా 90 రోజులకు సరిపడానే తీసుకుపోవడం రివాజు. మిగతా రెండున్నర నెలలకు అక్కడి డాక్టర్ చీటీతో కొనడమా, ఇక్కడి నుంచి పత్రాలతో పంపడమా అన్నది అక్క ముందే చూసుకోవాలి. జూన్‌లో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. విమానంలో ఏ డోసు ఎప్పుడో బాపు డాక్టర్‌తోనే గడియారం లెక్కన రాయించుకోండి.

పింఛను_కౌంటర్:

కాగితాల వైపు ఎవరూ రాలేదు. రైల్వే పింఛనుకు జీవన ప్రమాణ పత్రం (మనిషి బతికే ఉన్నట్టు రుజువు) నవంబర్‌లో ఇవ్వాలి. 24న దిగితే 30లోపు సమయముంది, కానీ టికెట్ జరిపితే ఇరుక్కుంటారు. జరిపే పక్షంలో టెక్సస్‌కు హ్యూస్టన్‌లోని మన కాన్సులేట్ ఉంది, అక్కడ పత్రం తీసుకోవచ్చు. టికెట్ జరిపేముందు ఐ-94 (అమెరికాలో దిగినప్పటి ప్రవేశ రికార్డు) తేదీ చూడాలి. వీసా మీద పదేళ్లున్నా, ఉండనిచ్చేది దిగినప్పుడు వేసిన ఆ తేదీ దాకానే.

ఫోన్: ఆధార్‌కు, బ్యాంకుకు కలిపిన సిమ్‌కు ఏడాది ప్యాక్ వేయించి, ఇక్కడున్నప్పుడే అంతర్జాతీయ రోమింగ్ ఆన్ చేయించండి. డేటా రోమింగ్ ఆపేయండి, ఇండియా నంబరుకు వచ్చే కాల్ ఎత్తొద్దు, అది చార్జీ. మెసేజ్ వస్తే చాలు. బ్యాంకు కార్డుకు విదేశీ వాడకం యాప్‌లో విడిగా తెరవాలి, లేకుంటే అక్కడ పనిచేయదు. నగదు డాలర్లు ఒక్కొక్కరికి 3,000 దాకానే, మిగతాది కార్డులో.

వాడకం ఎంత తక్కువైనా కరెంటు బిల్లు నెల నెలా వస్తుంది, సర్వీసు నంబరు మీ ఫోన్లో పెట్టుకుని మీరే కట్టండి. ఇంటిపన్ను ఏప్రిల్‌లోనే కడితే 5 శాతం తగ్గేది, కట్టకపోయుంటే పోయే ముందు కట్టేయండి.

చివరగా బండి. శంషాబాద్ ఇక్కడి నుంచి 170 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే మూడున్నర గంటలు, వానైతే నాలుగు. విమానానికి నాలుగు గంటల ముందు చేరేలా బయలుదేరండి. వీల్‌చైర్ కనీసం 48 గంటల ముందు చెప్పాలి. బండి మాట్లాడేటప్పుడు సీఎన్‌జీదా అని అడగండి. డిక్కీలో సిలిండర్ ఉంటే నాలుగు పెద్ద పెట్టెలు పట్టవు, పైన కట్టాల్సి వస్తుంది. జూన్ వానలో పైన కట్టిన పెట్టెలోకి నీళ్లు దిగితే సకినాల గతేంటో అమ్మనే అడగండి.

నయీంనగర్_నాలా:

ఇన్నోవా మాట్లాడిన, డీజిల్‌ది. తొక్కు ఈ ఆదివారమే పెడుతున్నం. పక్కింటి అన్న కోసం జాలీలు, స్లాబు, మోటరు, ఆర్‌సీసీబీ, చెదలు, బ్యాటరీ నీళ్లు ఒక అట్ట మీద రాసి తలుపు వెనక అంటిస్త.